ఒక చెయ్యి ఖాళీగా ఉందా?

“పాప ఇంక ఎప్పటికీ ఏమీ తినదేమో మావయ్యా.”

“అది సరే గానీ, నీకొక చెయ్యి ఖాళీగా ఉందా?”

ఇదీ మా మావయ్య వరస. ఇల్లు కాలిపోతోందని చెప్పినా ముందు ఈ ప్రశ్నే అడుగుతాడు. ఎందుకంటే ఆయనకు గుడ్డు సూపు ఒంటరిగా చేయడం రాదు. చైనా వాళ్ల పద్ధతిలో, మరుగుతున్న రసంలోకి గిలక్కొట్టిన గుడ్డును ధారగా పోస్తే మెత్తటి పోగుల్లా విచ్చుకునే సూపు అది. ఆయనకు వచ్చిన వంటల్లో మొదటిదీ చివరిదీ అదే. ఆ ఒక్కదానికీ పక్కన ఇంకో మనిషి ఉండాలి.

“పోసే చెయ్యి వేరు, తిప్పే చెయ్యి వేరు. రెండూ ఒకడివే అయితే ఒకదాన్ని చూసి ఇంకోటి కంగారుపడుతుంది” అంటాడు.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. మా కింది ఫ్లాట్‌లో ఒక్కడే ఉంటాడు. వీధి మలుపులో ఆయనకి కళ్లద్దాల షాపు ఉంది. నువ్వుగింజంత స్క్రూని ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో బిగిస్తూ, మూడో చెయ్యి ఉన్నట్టు టీ కూడా తాగగలడు. అలాంటి మనిషికి రెండు గుడ్లు పోయడానికి తోడు కావాలట.

మా బిల్డింగులో ఆయన గిన్నె పట్టుకోనివాళ్లు లేరు. ఒకసారి పై అంతస్తు హెడ్‌మాస్టారు, మావయ్య బాల్కనీ మొక్కల నీళ్లు మెట్ల మీదికి కారుతున్నాయని గొడవకి దిగారు. “మీరు తిట్టండి, నేను వింటాను. ముందీ గిన్నె పట్టుకోండి” అన్నాడు మావయ్య. ధార తెగకుండా గుడ్డు పోస్తూ కోపంగా మాట్లాడటం ఎవరి తరమూ కాదు. మాస్టారి గొంతు సగంలోనే తగ్గిపోయింది. సూపు తాగి, మూతి తుడుచుకుని వెళ్లిపోయారు. వచ్చిన పని ఇంటికెళ్లాక గానీ గుర్తు రాలేదు.

ఇంకోసారి, మాటల్లేకుండా ఉన్న మొగుడూ పెళ్లాలని పిలిచి ఒకరికి గిన్నె, ఒకరికి గరిటె ఇచ్చాడు.

“రెండు చేతులూ వాళ్లవే అయితే మీ మావయ్య ఏం చేసినట్టు?” అంది మా ఆవిడ.

“ఉప్పు చూసి ఉంటాడు.”

ఇక నా సంగతి. మా రెండేళ్ల పాపకి జ్వరం వచ్చి తగ్గింది. తగ్గాక చెంచా కనబడితే చాలు, మూతి బిగించేస్తోంది. డాక్టరు పరీక్ష చేసి, నీళ్లు తాగుతోంది కాబట్టి భయం లేదనీ, ఆకలేస్తే అదే తింటుందనీ చెప్పారు. సైన్సు చదివినవాణ్ని, ‘అదే తింటుంది’ అన్నదాన్ని నేను ఆశ కింద లెక్కేశాను గానీ ఫలితం కింద కాదు. పాప మింగిందీ ఉమ్మిందీ గ్రాఫు గీయడం మొదలుపెట్టాను. ఆఫీసుకి వెళ్తూ మా ఆవిడ అది చూసింది. “ఇందులో నువ్వు తిన్నది ఎక్కడుంది?” అంది. ఎక్కడా లేదు.

ఆవిడ వెళ్లగానే పాపని ఎత్తుకుని కిందికి పరుగెత్తాను. అప్పుడు అడిగాడాయన, నా చెయ్యి ఖాళీ సంగతి.

పాపని నేల మీద ఖాళీ కళ్లద్దాల డబ్బాల దగ్గర కూర్చోబెట్టి, నా చేతికి కార్న్‌ఫ్లోర్ ఇచ్చాడు. తిన్నగా మరుగుతున్న రసంలో వేసేశాను. ఉండలు కట్టింది.

“చన్నీళ్లలో కలిపి పోయాలిరా. కెమిస్ట్రీ చదివావటగా?”

“ఆర్గానిక్ మావయ్యా.”

“అందుకే కాబోలు ఇంత పుష్టిగా వచ్చాయి ఉండలు.”

ఆ కంగారులో గుడ్డు కూడా ఒక్కసారే గుమ్మరించాను. మావయ్య గిన్నెలోకి తొంగిచూశాడు. “ఇది సూపు కాదు. ఆమ్లెట్ స్నానం చేస్తోంది.”

దాన్ని ఒక పళ్లెంలోకి తీసి, చల్లారాక చిన్న స్టూలు మీద పెట్టి, మళ్లీ మొదలుపెట్టించాడు. ఈసారి మంట తగ్గించి ఆయన గరిటె తిప్పుతుంటే నేను పోస్తున్నాను. కళ్లు ధార మీద ఉండటం వల్ల కాబోలు, నోరు తనంతట తనే కదిలింది. పాప నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందో లేదో ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నానని చెప్పాను. ఆవిడ ఆఫీసుకెళ్లాక దానితో ఒక్కణ్ణే ఉండాలంటే భయమేస్తోందని కూడా చెప్పాను. అది మా ఆవిడకి కూడా చెప్పలేదు.

“సన్నగా... ఇంకా సన్నగా” అన్నాడు మావయ్య. ఆయన ఓదార్పు అంతే.

ఇంతలో వెనక చప్పరించిన శబ్దం వినిపించింది. తిరగబోయాను.

“చూడకు” అన్నాడు నెమ్మదిగా. “చూస్తే ఆపేస్తుంది. పోస్తూ ఉండు.”

స్టీలు గిన్నె అంచులో వంకరగా కనబడింది నా కూతురు. స్టూలు పట్టుకుని నిలబడి, స్నానం చేసిన ఆమ్లెట్‌ని పిడికిలితో చిదిమి నోట్లో కుక్కుకుంటోంది. ధార మాత్రం తెగలేదు. ఆ తర్వాత మంచి సూపు మేమిద్దరం తాగాం. అంతకుముందు నేను ఎప్పుడు తిన్నానో నాకు గుర్తు లేదు.

కొన్నాళ్లకి, ఆ రోజు మా ఆవిడకి సూపు పోసిచ్చిన గిన్నె తిరిగిద్దామని కిందికి వెళ్లాను. తలుపు తీసే ఉంది. మావయ్య ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, ఎవరికో లెన్సు సంగతి చెబుతున్నాడు. ఎడమ చేత్తో గుడ్డు పోస్తున్నాడు, కుడి చేత్తో గరిటె తిప్పుతున్నాడు. పోగులు పట్టుదారాల్లా వస్తున్నాయి. చేతులు రెండూ ఒకదాన్నొకటి చూసి ఏమాత్రం కంగారుపడటం లేదు.

నన్ను చూసి ఫోను పెట్టేశాడు.

“ఇవాళేదో కుదిరిందిరా.”

“ఎన్నేళ్లుగా కుదురుతోంది మావయ్యా?”

దొంగలా నవ్వాడు. “ఎలా ఉన్నావంటే అందరూ బాగున్నాననే అంటారు. చేతికి గిన్నె ఇచ్చి చూడు, అసలు సంగతి చెబుతారు. నీకూ పనికొస్తుంది, గుర్తుపెట్టుకో. కాకపోతే అడిగేటప్పుడు రానట్టు మొహం పెట్టాలి. అదే కష్టం.”

మొన్న మా ఎదురింట్లో పసిబిడ్డ ఆగకుండా ఏడ్చింది. కాసేపటికి తల్లి ఏడుపు కూడా వినిపించింది. వాళ్లు కొత్తగా వచ్చారు, ఆవిడ మాకు పెద్దగా పరిచయం లేదు. గిలక్కొట్టిన గుడ్డు గిన్నెతో వెళ్లి తలుపు తట్టాను. బిడ్డని భుజాన వేసుకుని, ఎర్రబడిన కళ్లతో తలుపు తీసింది.

“మీకొక చెయ్యి ఖాళీగా ఉందాండీ? పొయ్యి మీద సూపు ఉంది, గుడ్డు పోయడానికి ఇంకో మనిషి కావాలి. బిడ్డని మా ఆవిడ ఎత్తుకుంటుంది.”

ఆవిడ గిన్నెలోకి చూసింది, నన్ను చూసింది. “మీరు కెమిస్ట్రీ చదివారని షాపులో మీ మావయ్య అన్నారు. ఇది కూడా రాదా?”

“ఆర్గానిక్ అండీ” అన్నాను.

మావయ్య చెప్పినట్టే, రానట్టు మొహం పెట్టాను.