సదన్న బాగుచేసిన గిటార్

నిన్న పొద్దున టీ పెడుతుంటే ఫోన్ వచ్చింది. సదన్న కూతురు.

“అత్తమ్మా, బాపు పోయిండు.”

ఆ తరువాత ఆ పిల్ల ఏడుపు తప్ప నాకేమీ వినపడలేదు.

మొన్ననే మాట్లాడాను. జర దగ్గుంది, ఫికర్ చెయ్యకు అన్నాడు.

సదానందం నాకు సొంత అన్న కాదు. కాశిబుగ్గలో మగ్గం నేసే ఇంటి మనిషి. డెబ్బైల చివర్లో వరంగల్‌లో మాదొక చిన్న ఆర్కెస్ట్రా ఉండేది. నేను పాడేదాన్ని. సదన్న తమ్ముడు కుమార్ ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తూ పాడేవాడు. సదన్నకు రేడియో రిపేరు వచ్చు కాబట్టి మా వైర్లు, యాంప్లిఫయర్ ఆయనే చూసుకునేవాడు.

ఈ సంగతి ఇన్నేళ్లూ ఎక్కడా రాయలేదు.

కేసముద్రంలో ఒక పెళ్లి ప్రోగ్రాం. ఎండ ఉండగానే చేరుకున్నాం. కుమార్ గిటార్ ఆన్ చేయగానే గుయ్‌మని ఒకటే మోత. వాల్యూమ్ నాబ్ పూర్తిగా తగ్గించినా సౌండ్ తగ్గట్లేదు.

సదన్న గిటార్ వెనక మూత విప్పాడు. వాల్యూమ్ కంట్రోల్ ఎర్త్ వైరు ఊడిపోయి ఉంది. తీగల నుంచి వచ్చే వైరు కూడా అక్కడే ఊడింది. రెండింటినీ సోల్డరింగ్ చేసి, ఉఫ్ అని ఊది, నాబ్ తిప్పాడు.

మోత పోయింది. తిప్పినట్టల్లా సౌండ్ మాట వింటోంది.

“ఎట్లున్నదిరా?”

“మస్తున్నదే అన్నా. కొత్తదాని లెక్క.”

ఇద్దరూ నవ్వారు. ఆ అన్నదమ్ములు మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవే.

మొదటి పాట. కుమార్ ఎడమ చేయి తీగల మీద ఉంది. మైకు ఎత్తుగా ఉందని కుడి చేత్తో వంచబోయాడు.

మైకు టెంటు వాళ్లది. దాని బాడీకి కరెంటు వస్తోందని ఎవరికీ తెలియదు.

కేక కూడా వేయలేదు. బిగుసుకుపోయి, గిటార్‌తో, స్టాండ్‌తో సహా నా కాళ్ల దగ్గర పడ్డాడు.

సదన్నే ఉరికొచ్చి ప్లగ్ పీకాడు. జీపులో దవాఖానకు వెళ్తుంటే దారంతా తమ్ముడి చేతులు రుద్దుతూనే ఉన్నాడు.

“జర కండ్లు తెరువురా కుమారూ.”

తెరవలేదు.

అందరూ టెంటు వాళ్లను తిట్టారు.  దినాలయ్యాక, సదన్న మగ్గం ముందు కూర్చుని నాతో ఒకే ఒక్కసారి అన్నాడు.

“ఆ వైరు ఊడినట్టే ఉంటే తీగలకు ఎర్త్ అందకపోవు చెల్లె. మైకు కరెంటు వాని పానం మీదికెల్లి పోకపోవు. నేను మంచిగ చేసిన. మంచిగ చేసినందుకే పోయిండు.”

తప్పు మైకుదే అన్నా అన్నాను. ఆయన చెవికెక్కలేదు.

ఆర్కెస్ట్రా ఆగిపోయింది. సదన్న మళ్లీ గిటార్ ముట్టలేదు. రేడియోలూ వదిలేశాడు. వాళ్లమ్మ ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేదని ఆయన నాతో చాలాసార్లు అన్నాడు.

ఎనభైల్లో నేను వేరే బృందంతో మళ్లీ పాడటం మొదలుపెట్టాను. పరకాలలో ప్రోగ్రాం అని ఎవరో చెబితే, సదన్న పిలవకుండానే బస్సెక్కి వచ్చాడు. స్టేజీ ఎక్కి ప్రతి మైకుకూ టెస్టర్ పెట్టి చూస్తున్నాడు.

“ఎవడీ పిచ్చోడు? టైమైతాంది, దించుండ్రి” అని కేకలు.

నా మైకు దగ్గర టెస్టర్ వెలిగింది.

“ముట్టకు చెల్లె!”

నా చేయి అప్పటికే సగం దాకా వెళ్లింది. ఆయన ప్లగ్ పీకి, అంతమంది ముందు స్టేజీ మీదే కూలబడి ఏడ్చాడు.

“ఆనాడు గిట్ల చూడకపోతిని. గిది చూడకపోతిని.”

నాకేమైనా అయ్యుండేదని ఏడుస్తున్నాడనుకున్నారు అందరూ. ఆయన కళ్ల ముందున్నది నేను కాదని నాకు తెలుసు.

ఆ తరువాత నాకు పెళ్లయింది. ఇద్దరు పిల్లలు పుట్టారు. వాళ్లకు మేనమామ సదన్నే.

పోయిరా అన్నా. ఆ బరువు ఇక్కడే దించి పో. నీ తమ్ముడి పక్కన నీకు ఇకనైనా నిమ్మళం దొరకాలి.