షత్రంజి నేత పని, పగటి డ్యూటీ

మా తాత సదానందం వరంగల్ కొత్తవాడలో షత్రంజీలు, అంటే నేల మీద పరిచే నూలు జంపఖానాలు, నేయిస్తాడు. ఆయనకు మగ్గం తప్ప మరో లోకం తెలియదు. ఇంటర్ రెండుసార్లు తప్పిన నాకు ఫోన్ తప్ప మరో లోకం తెలియదని ఆయన అంటాడు. ఇద్దరిదీ నిజమే. షెడ్డులో ఆరు మగ్గాలున్నాయి. నేసేవాళ్లు ముగ్గురే మిగిలారు. తక్కిన మూడింటి మీద పడుగులు సగం నేతలోనే ఆగిపోయాయి.

ఆ బుధవారం హనుమకొండ వ్యాపారి శ్యాంసుందర్ వచ్చి, తాను పంపిన నూలు మూటలు కట్టు విప్పకుండా గోడకు ఆనించి ఉండటం చూశాడు.

"శుక్రవారం మూడు గొట్టంగ టెంపో తెస్త, సదానందం. ఆరు మగ్గాలు నడుస్తాంటే నూలు నీకాడనే ఉంటది. లేకుంటే ఎక్కించుకపోత."

నూలు పోతే షెడ్డు మూతే. తాత తలూపాడు. వ్యాపారి వెళ్లగానే నన్ను పిలిచాడు.

"ఫోన్ల పనోళ్లు దొరుకుతరంటివి గదనే. రాయి."

ఆయన చెప్పింది చెప్పినట్టే ఉద్యోగాల యాప్‌లో పెట్టాను. 'అనుభవజ్ఞులైన మగ్గం పనివారు కావలెను. మగవారు మాత్రమే. క్రమశిక్షణ ముఖ్యము.' కూలి ఎంతో రాద్దామంటే, "అది మొఖం జూసి చెప్పేది" అన్నాడు.

గంటలోపే ఫోన్ మోగింది. తాత మీసం సవరించుకుని ఎత్తాడు.

"మగ్గం వర్క్ అన్నరు గద సార్. పెండ్లి జాకెట్లా, మామూలువా? పూసలు మీరే ఇస్తరా?"

"జాకెట్లేంది తమ్మీ? మాయి షత్రంజీలు."

సాయంత్రానికి పద్నాలుగు ఫోన్లు వచ్చాయి. అందరూ జాకెట్ల మీద ముత్యాలు కుట్టేవాళ్లే. ఇప్పుడు మగ్గం అంటే జనానికి గుర్తొచ్చేది అదే. పదిహేనోసారి తాత "ముత్యాల్లేవు" అని పెట్టేశాడు. నవ్వబోయి ఆయన ముఖం చూసి ఆగిపోయాను.

గురువారం పొద్దున ఆయన చాయ్ కూడా ముట్టలేదు. పక్కన కూర్చున్నాను.

"తాతా, మన పని ఇడిసిపెట్టినోళ్లు ఇప్పుడేం జేస్తాన్రు?"

"అపార్ట్‌మెంట్ల కాడ వాచ్‌మన్లు."

"వాళ్లు ఫోన్ల 'అనుభవజ్ఞులు' అని కొడ్తరా, 'వరంగల్ల డ్యూటీ' అని కొడ్తరా? వాళ్లు కొట్టే మాట మన దాంట్ల లేకుంటే మనది అడుగునే ఉంటది. ఎవ్వలకూ కనవడది."

కూలి అంకె దగ్గర అరగంట పోట్లాడుకున్నాం. చివరికి, "రాయి. నా మొఖం జూసి ఎవలొచ్చిన్రు" అన్నాడు. కొత్త ప్రకటన ఇలా మొదలైంది: 'వరంగల్ కొత్తవాడలో షత్రంజి నేత పని, పగటి డ్యూటీ.' కింద కూలి. 'మగవారు మాత్రమే' తీసేశాను. తాతకు చెప్పలేదు.

మధ్యాహ్నానికి ఇద్దరు పాత నేతగాళ్లు ఫోన్ చేశారు. రాత్రి కాపలాతో విసిగిపోయారట. శుక్రవారం పొద్దున్నే వచ్చి మగ్గాల్లో కూర్చున్నారు. ఆరోది మాత్రం ఖాళీ. పన్నెండైంది, ఒకటైంది. తాత గుమ్మానికీ మగ్గానికీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు.

రెండు దాటాక ఒకామె లోపలికి తొంగి చూసింది. పేరు రాజక్క అని చెప్పింది.

"షత్రంజి నేత అని మా బిడ్డ ఫోన్ల సూపెట్టింది, బాపూ."

తాత నావైపు తిరిగాడు. మా షెడ్డులో ఆడవాళ్లు కండెలకు నూలు చుట్టడమే తప్ప మగ్గం ఎక్కింది లేదు.

"ఆడోళ్లను ఎవలు రమ్మన్నరే?"

"ఎవలూ రమ్మనలే. రావద్దని గూడ రాయలే."

"మా ఆయనకు నడుము పోయినంక పన్నెండేండ్లు నేనే నేసిన, బాపూ" అంది రాజక్క. "పేరు ఆయనది, చేతులు నాయి."

తాత గడియారం చూశాడు. "నాలుగు వేళ్లంత నేసి సూపియ్యి."

ఆమె కొంగు దోపుకుని కూర్చుంది. నూలు కండె ఉన్న నాడె పడుగులో అటూ ఇటూ కదిలింది. తాత వంగి అంచు మీద బొటనవేలు ఆనించి చివరిదాకా లాగాడు. ఎక్కడా వంకర లేదు. మగ్గం మీద ఆరేసిన తన తువ్వాల తీసి భుజాన వేసుకున్నాడు.

బయట టెంపో ఆగింది. శ్యాంసుందర్ వేలితో లెక్కపెడుతూ నడిచి ఆరో మగ్గం దగ్గర నిలబడిపోయాడు.

"ఈమె ఎవలు?"

రాజక్క నేత ఆపలేదు.

"నువ్వు లెక్కవెడ్తానంది మగ్గాలే గద" అన్నాడు తాత. "అది ఆరోది."

శ్యాంసుందర్ వంగి నేత అంచు తడిమి చూశాడు. తర్వాత బయటికి నడిచి, డ్రైవరుకు ఖాళీ బండినే వెనక్కి తిప్పమని చెప్పాడు. తాత కత్తెర తీసుకుని మూటల తాళ్లు ఒక్కొక్కటే తెంపాడు.