డాక్టరమ్మకు చెప్పని గ్లాసు

రామచంద్రపురంలో డాక్టరమ్మ గదిలో ఆ రోజు ఉన్నవాళ్లం ఐదుగురం: డాక్టరమ్మ, ఐదో నెల గర్భిణి మా అక్క, బావ, అక్క అత్తగారు, నేను. బల్ల మీద స్కానింగ్ రిపోర్టు, రక్తపరీక్ష కాగితాలు రెండు, బీపీ మిషను.

"సిగరెట్టు, మద్యం లాంటివి ఏమైనా ఉన్నాయామ్మా?" అని డాక్టరమ్మ మామూలుగా అడిగారు.

అత్తగారు నొచ్చుకున్నారు. "అయ్యో, మా ఇంట్లో ఆడవాళ్లకి అలాంటివేంటండీ!"

ఆవిడ అబద్ధమాడలేదు. మూడో నెల నుంచి రోజూ పొద్దున్నే అక్కకు ఒక గ్లాసు తాటికల్లు ఇస్తున్నారు, ఒంటికి చలవని. దాన్ని ఆవిడ మజ్జిగతో జమకట్టేవారు.

నేను పంచదార ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేస్తాను. అంతకు వారం ముందే ఇంట్లో చెప్పాను: కల్లు చెట్టు మీద కుండలో ఉండగానే పులవడం మొదలవుతుంది, అందులో ఆల్కహాలు ఉంటుంది, తల్లి తాగింది బిడ్డకు చేరుతుంది, ఇంతవరకు ఫర్వాలేదన్న కొలత ఏదీ లేదు.

"ఇద్దర్ని కన్నాను బాబూ, రెండుసార్లూ తాగాను. మీ బావకేం తక్కువైంది?" అన్నారు అత్తగారు.

"అడుగమ్మా, ల్యాబు సారు గారు కొలిచి చెప్తారు," అన్నాడు బావ. అందరూ నవ్వారు, అక్కతో సహా.

డాక్టరమ్మ గదిలో అక్క నవ్వలేదు. నా వైపు చూసింది. నేను నోరు తెరిస్తే ఆ గ్లాసు ఆ రోజుతో ఆగుతుంది. కానీ పరాయి మనిషి ముందు అత్తగారి మాట కాదంటే, ఇంటికెళ్లాక ఆ కోపం అక్క మీదే పడుతుందనుకున్నాను. రిపోర్టు మడతపెట్టి కవర్లో పెట్టాను. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాశారు. కల్లు రోజులు అయిపోయేదాకా, ఇంకో రెండు నెలలు, అక్క తాగింది.

పాప నెల ముందే, బాగా చిన్నగా పుట్టింది. మెడ ఆలస్యంగా నిలిపింది. నడకా ఆలస్యమే. ఈమధ్య రాజమండ్రిలో పిల్లల డాక్టరు గారు గర్భం నాటి సంగతులన్నీ అడిగారు. ఈసారి చెప్పాను. ఆయన రాయడం ఆపి, "కారణం అదేనని ఖాయంగా చెప్పలేనండి. కాదని కూడా చెప్పలేను," అన్నారు.

బయట బెంచీ మీద అత్తగారు ఏడుస్తూనే నన్ను అడిగారు. "అంత తెలిసినవాడివి, ఆ రోజు డాక్టరమ్మ అడిగినప్పుడు చెప్పొచ్చుగా బాబూ? ఆవిడ వద్దంటే నేనే మానిపించేదాన్ని కదా."

ఇంట్లో చెప్పాను కదండీ అనొచ్చు. పాప కాగితాలు మడతపెట్టి కవర్లో పెట్టాను. అక్క ఈసారి నా వైపు చూడలేదు.

పాపకు మూడేళ్లు నిండాయి. వచ్చిన మాటలు పదకొండు.