బేబీ పౌడరు వాసన

పోయిన వారం నేను చేసిన తెలివైన పనికి మా ఇంట్లో రెండు దినాలు మాటల్లేవు. టీ తాగుతా వినండి. నవ్వుకుంటారో తిట్టుకుంటారో మీ ఇష్టం.

నందికొట్కూరులో మాది చిన్నపిల్లల గుడ్డల అంగడి. ఈ మధ్య అందరూ ఫోన్లోనే కొంటాండారు, గిరాకీ పడిపోయింది. అందుకని ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరినా. కస్టమరు మెదడు ఎట్లా పనిచేస్తాదో చెప్పే క్లాసులు. ఏ రంగు ముందర పెట్టాల, ధర ఎట్లా రాయాల, అన్నీ చెప్పినారు. నాకు బాగా పట్టింది వాసన పాఠం. వాసన నేరుగా మెదడులో జ్ఞాపకాలుండే చోటికి పోతాదంట. పిల్లల గుడ్డలమ్మే చోట పసిబిడ్డ వాసన రావాలంట.

వెంటనే వాసన చిమ్మే మిషన్ ఒకటి తెప్పించి, బేబీ పౌడరు సెంటు పోసి ఏసీ కింద పెట్టినా. నిజం చెప్పాల, పనిచేసింది. ఒక జత కోసం వచ్చినామె మూడు జతలు తీసుకోని పోయింది.

ఆ రాత్రి మా ఆవిడ సువార్త నా అంగీ రెండుసార్లు ఉతికి బయట ఆరేసింది.

"ఏం వాసన ఇది?" అనడిగింది.

"మార్కెటింగ్" అని నవ్వినా. తను నవ్వలేదు. నేనేమో పట్టించుకోలేదు.

మూడో దినం మధ్యాహ్నం అన్నం క్యారియర్ తెచ్చింది. ఎప్పుడూ లోపలికొచ్చి గల్లాపెట్టె పక్కన కూర్చునే మనిషి, ఆ ఎండలో బయట మెట్టు మీదనే కూర్చునింది.

"లోపలికి రామ్మే, ఏసీ వేసినా."

"ఈడ్నే బాగుండాది."

వాసన నచ్చలేదేమో అనుకోని, పక్కన కూర్చోని నా చదువంతా చెప్పినా. "ఊరికే పెట్టలేదు అది. ముక్కు నుంచి నేరుగా జ్ఞాపకాల కాడికి పోతాది. మనిషికి తెలీకుండానే మనసు కరిగిపోతాది."

సువార్త క్యారియర్ వైపే చూస్తా, "నాకు తెలిసే కరిగింది" అనింది. "పాపకు నీళ్లు పోసినాక రాసిన పౌడరు ఇదే కదా."

మాకొక పాప పుట్టింది. యాభై దినాలుండి జ్వరంతో పోయింది. చర్చి వెనక మట్టి చేసి ఎనిమిదేండ్లయింది. మళ్లీ పిల్లలు కలగలేదు. ఆ పౌడరు డబ్బాను సువార్త చీరల కింద దాచుకునేది. చూసినప్పుడల్లా ఏడుస్తాందని నేనే ఒకనాడు పారేసినా. ఊరోళ్ల మెదళ్లన్నీ చదవాలని పోయినోడికి, ఆ వాసనలో మూడు దినాలు కూర్చున్నా ఆ సంగతి గుర్తు రాలేదు. అదీ నా మెదడు.

మిషన్ తీసేసినా. వాసన పోదే. గుడ్డలు, గోడలు అన్నీ పీల్చుకున్నాయి. డబ్బాడు ఫినాయిల్ పోసి దినమూ అంగడంతా కడిగినా. ఇంట్లో మాత్రం రెండు దినాలు మాటల్లేవు.

మూడోనాడు పొద్దున నేనే కదిలించినా. "ఆ డబ్బా పారేసి తప్పు చేసినా సువార్తా."

పొయ్యి ఆర్పి నా వైపు తిరిగి అనింది. "డబ్బా పోతే పోనీ. ఇన్నేండ్లలో ఒక్కసారన్నా పాపను పేరు పెట్టి తలుచుకున్నావా నువ్వు?"

లేదు. ఆ పేరు పలకాలంటే నాకు నోరు రాదు. ఆ పొద్దు పలికినా. "గ్రేసీ" అన్నా. అన్నాక ఇద్దరం ఆడ్నే వంటింట్లో కూర్చోని ఏడ్చినాం.

ఆ దినం తనే "నేనూ వస్తా" అని అంగడికొచ్చింది. లోపలికొచ్చి కూర్చునింది. కాసేపటికి ఒక అవ్వ మనవడి కోసం చొక్కా చూడనీకి వచ్చి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునింది.

"ఏమప్పా, ఇది గుడ్డల అంగడా, ఆసుపత్రా?"

నేను నోరు తెరిచేలోపల సువార్త అందుకునింది. "అంగడే అవ్వా. మా ఆయన మెదడు గురించి చదువుకోని వచ్చినాడు. తన మెదడు యాడ పడేసుకున్నాడో కనపడక అంగడంతా కడుగుతాండాడు."

అవ్వ నవ్వింది. సువార్త కూడా కొంచెం నవ్వింది. చొక్కాలు నచ్చలేదు గానీ, పోతా పోతా అవ్వ ఒక చేతిరుమాలు కొనింది, ముక్కుకు కట్టుకునేకి. నా మార్కెటింగుకు ఆ దినమంతా అదొక్కటే బేరం.