ఊపిరి పీల్చిన శవం

"ఒరేయ్, శవం ఊపిరి పీలుస్తోంది చూడండ్రా!"

కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేసిన క్లాసు గదిలో, వెనక వరసలోంచి ఎవడో అరిచాడు. అంతే, గది మొత్తం గొల్లుమంది. తెర మీద ఉన్నది నేను తీసిన దయ్యం సినిమా. చాప మీద శవంగా పడుకున్నది మా అవ్వ, మా బాపును కన్న తల్లి. కప్పిన తెల్లబట్ట ఆమె ఛాతీ మీద మెల్లగా లేస్తోంది, మెల్లగా దిగుతోంది. కంప్యూటర్ ముందు అన్నిసార్లు కూర్చుని కత్తిరించానే, నా కళ్ళకు ఆ సంగతి ఒక్కసారైనా కనపడలేదు.

సినిమా తీయడం నేర్పే మా క్లాసులో ఒక పద్ధతి ఉండేది. సినిమా తీసినవాళ్ళు ముందుకొచ్చి కూర్చోవాలి. మిగతావాళ్ళంతా తోచింది చెప్పేదాకా నోరు విప్పకూడదు. నాలాంటి నోరాగని దానికి అంతకన్నా శిక్ష ఏముంటుంది? శామీర్‌పేట చెరువు కట్ట మీద కథలోని కొడుకు ఒక్కడే నడిచి వచ్చే షాటు బాగుందన్నారు. ముసలమ్మ ముద్దుగా ఉంది, భయం వెయ్యలేదన్నారు. నేల మీద పరిచిన పిండిని ముగ్గనుకున్నామన్నారు. పళ్ళు కొరుక్కుంటూ విన్నాను. చివరికి మా సారు, "ఆ ఊపిరి ఒక్కటి చూసుకో అమ్మా. ఆ షాటును కదలని బొమ్మ చేసెయ్. సరిపోతుంది," అన్నారు. సరిచేసి మళ్ళీ చూపించమన్నారు.

పిండిని ముగ్గనుకున్నారంటే నాకు ఒళ్ళు మండింది. మా వైపు మనిషి పోతే, ప్రాణం విడిచిన చోట సన్నగా పిండి పరుస్తారు. దాని మీద గంప బోర్లిస్తారు. తెల్లారి గంప ఎత్తి, అందరూ వంగి చూస్తారు. పిండిలో పాదం గుర్తు కనపడితే పోయిన మనిషి ఒకసారి ఇంటికి వచ్చిపోయినట్టు. పిట్టకాలు కనపడితే పిట్టయి పుట్టినట్టు. చిన్నప్పటి నుంచీ ఆ గంప అంటే నాకు హడల్. నా సినిమా అంతా దాని మీదే. కొడుకు గంప ఎత్తుతాడు, కింద పాదం గుర్తు ఇంకా తడిగా ఉంటుంది.

ఆ పాదం కూడా అవ్వదే. షూటింగు మేడ్చల్‌లో మా ఇంట్లోనే, అవ్వ మంచం ఉండే ముందు గదిలో. పిండి ఎంత పలచగా పరచాలో, గంప ఎటు తిప్పి పెట్టాలో ఆమే చెప్పింది. రావల్కోల్ ఊళ్ళో తన అత్తగారు పోయినప్పుడు అట్లాగే పెట్టారట. కెమెరా పట్టిన నా స్నేహితురాలు గోదావరి వైపు నుంచి వచ్చి కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్న ఉద్యోగస్తుల పిల్ల. అదైతే భయపడిపోయి, "మామ్మగారూ, మీరు తొక్కడం మంచిదేనంటారా?" అంది. అవ్వ పకపకా నవ్వింది.

"సచ్చినంక తొక్కితే మీకు కెమెరాల పడుతదా బిడ్డా? గిప్పుడే తీస్కోండ్రి."

బాపుకు మాత్రం నచ్చలేదు. ఆయన జీడిమెట్లలో మందుల కంపెనీలో పని చేసేవాడు. పొద్దున డ్యూటీకి బయలుదేరుతూ గుమ్మంలో ఆగి, "బతికున్న మనిషితోని పిండి తొక్కిస్తరా? గిదేం సదువే?" అని చిరాకు పడ్డాడు. అవ్వ ఆయన్ని కసిరి పంపించేసింది. మధ్యాహ్నం శవం షాటు తీసేటప్పుడు పక్కింటి వాళ్ళు పిండి గిర్ని ఆడించడం మొదలుపెట్టారు. కెమెరా తిరుగుతుండగానే నేను వాళ్ళతో తగాదాకు పోయాను. తిరిగి వచ్చేసరికి అవ్వ లేచి కూర్చుని చాయ్ తాగుతోంది, బాపు డ్యూటీ నుంచి వచ్చి పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు.

క్లాసులో నవ్వారని చెప్పినప్పుడు నాకు ఏడుపొచ్చింది. అవ్వకేమో భలే సరదా వేసింది.

"శవం ఊపిరి తీస్కుంటాందని నవ్విండ్రా? నవ్వరా మరి! మళ్ల తీద్దాం తియ్. ఈపారి ఊపిరి బిగవట్టి పండుకుంట. ఎవ్వడు నవ్వుతడో సూస్త."

అప్పటికప్పుడు మంచం మీద వెల్లకిలా పడుకుని బిగబట్టి చూపించింది కూడా. బుగ్గలు ఉబ్బించి, కళ్ళు మూసుకుని. కాసేపటికి ఆగలేక ఫక్కున నవ్వేసింది. ఆదివారం మళ్ళీ తీద్దామనుకున్నాం.

ఆదివారం రాకముందే అవ్వ పోయింది. జ్వరం కాదు, జబ్బు కాదు. పొద్దున చాయ్ తీసుకుపోయి లేపితే లేవలేదు.

ఇప్పుడు చెప్పబోయేది వినడానికి బాగుండదు. ఆ రోజు అదే గదిలో, అదే చాప మీద, తెల్లబట్ట కప్పి పడుకోబెట్టారు. చుట్టూ అంతా ఏడుస్తున్నారు. నేను ఏడవలేదు. ఆమె ఛాతీ వంకే చూస్తూ కూర్చున్నాను. ఎంత బాగా బిగబట్టింది అనుకున్నాను. ఇగ చాలు అవ్వా, అందరూ నమ్మారు, లే అని లోపల బతిమాలుకున్నాను. పాడె ఎత్తేదాకా నా చూపు ఆ బట్ట మీదినుంచి కదల్లేదు. అది కదిలినట్టే అనిపించేది. ఫ్యాన్ గాలికి.

పిండి పరిచారు, గంప బోర్లించారు. తెల్లారి బాపే గంప ఎత్తాడు. పిండి పరిచింది పరిచినట్టే ఉంది. పాదం లేదు, పిట్టకాలు లేదు, చీమ పాకిన గీత కూడా లేదు. బాపు మోకాళ్ళ మీద కూర్చుని, తల నేలకు ఆనేంత వంగి, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వెతికాడు. అప్పుడు బాపు మేనత్త, అవ్వకు ఆడబిడ్డ, అనకూడని మాట అనేసింది.

"యాడికెల్లి వస్తదిరా? మీ పోరి ముందుగాలనే తొక్కించె గద. ఒక్కపారే తొక్కుతరు ఎవరైనా."

ఆనాటి నుంచి బాపు నాతో మాట్లాడటమే మానేశాడు. అన్నం పెడితే తినేవాడు, డ్యూటీకి పోయేవాడు, వచ్చేవాడు. తల్లి ఇంటికి రాలేదు, రాకుండా చేసింది నేను, అదీ ఆయన మనసులో పడ్డది. తప్పు చేశానని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. అవ్వ మనసారా నవ్వుకుంటూ తొక్కింది, నేను బలవంతం చేశానా? కానీ బాపు నా ముఖం చూడకుండానే పోయేవాడు. ఒకే ఇంట్లో అవ్వా లేదు, బాపూ లేడు.

ఇంతలో సినిమా చూపించాల్సిన రోజు దగ్గరపడింది. నా చదువు కోసం బాపు కొన్న కంప్యూటర్ ఆ ముందు గదిలోనే ఉండేది. అవ్వ మంచం తీసేశారు కానీ, మంచం కోళ్ళ గుర్తులు నేల మీద అట్లాగే ఉన్నాయి. పట్టపగలే అయినా ఆ గదిలో ఒక్కదాన్నే కూర్చోవాలంటే భయమేసేది. వీధి తలుపు బార్లా తెరిచి పెట్టుకుని కూర్చున్నాను.

శవం షాటు పెట్టాను. స్పీకర్లలోంచి ముందు ఆమె ఊపిరి వినిపించింది. అవ్వకు ఊపిరి వదిలేటప్పుడు చివర్లో చిన్న ఈల మోగేది. నేను పుట్టినప్పటి నుంచీ వింటున్న ఈల అది, ఆమె పక్కలోనే కదా పడుకునేదాన్ని. ఆ గదిలో, ఆమె పోయిన ఆ చోట, ఆ ఈల మళ్ళీ మోగింది. చటుక్కున శబ్దం తగ్గించాను. సారు చెప్పినట్టే ఛాతీ కిందికి దిగిన చోట ఆపి, ఆ బొమ్మను కదలకుండా సాగదీశాను. నొక్కాను. అవ్వ ఆగిపోయింది.

అచ్చం ఆ రోజులాగే ఉంది. ఇగ ఎవ్వడూ నవ్వడు.

అప్పుడే కరెంటు పోయింది. మేడ్చల్‌లో అది మామూలే. తెర నల్లబడింది, ఫ్యాను ఆగింది. కానీ నా వెనక నుంచి ఊపిరి వినిపిస్తోంది. వెనక్కి తిరగడానికి భయమేసి అట్లాగే బిగుసుకుపోయాను. తీరా తిరిగి చూస్తే గుమ్మంలో బాపు. డ్యూటీ నుంచి వచ్చి, చేతిలో టిఫిన్ డబ్బా అట్లాగే పట్టుకుని, ఎప్పటి నుంచి నిలబడ్డాడో. అన్ని రోజుల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడాడు.

"ఎందుకు ఆపినవ్?"

"క్లాసుల నవ్విండ్రు బాపూ. శవం ఊపిరి తీస్కుంటాందని."

"తీస్కోనియ్యి," అన్నాడు. "మా అమ్మ ఊపిరి ఆపనీకి నువ్వెవరివే?"

కరెంటు వచ్చాక ఆయన కుర్చీ జరుపుకుని నా పక్కన కూర్చున్నాడు. కత్తిరించింది కాదు, మొత్తం పెట్టమన్నాడు. నేను టేపులోంచి ఎక్కించిన అసలు షాటు పెట్టాను. అవ్వ ఊపిరి పీలుస్తోంది, వదులుతోంది, ఈల మోగుతోంది. నా గొంతు "గిర్ని ఆపుండ్రి!" అని అరుస్తూ దూరమైపోయింది. సినిమాకు పనికొచ్చే ముక్క అక్కడిదాకానే, ఆ తర్వాత ఏముందో నేను ఎప్పుడూ చూడలేదు. నా స్నేహితురాలు కెమెరా ఆపడం మరిచిపోయిందని అప్పుడే తెలిసింది.

తెర పక్క నుంచి బాపు గొంతు వినిపించింది. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి, తల్లిని ఆ బట్ట కింద చూసినట్టున్నాడు.

"అమ్మా! ఓ అమ్మా! లే ఇగ, సాలు. నాకు బుగులైతాంది."

అవ్వ కదల్లేదు. మళ్ళీ పిలిచాడు, భయపడ్డ పసిపిల్లాడిలా. అప్పుడు ఒక కన్ను తెరిచింది.

"ఊపిరి తీస్కుంటున్న గదరా, పిచ్చోడా! కండ్లు గనవడ్తలేవా? పో, పోయి కాళ్లు కడుక్కో."

బాపు ముందు నవ్వాడు. తర్వాత ముఖం రెండు చేతుల్లో దాచుకుని భుజాలు అదిరేలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, ఆ రోజు రాని ఏడుపంతా అప్పుడొచ్చింది. చాలాసేపటికి నా తల మీద చెయ్యి వేసి, "పిండిల ఏమున్నది బిడ్డా," అన్నాడు. "గామె అన్నీ సెప్పే పోయింది. నేనే మర్సిన."

సాగదీసిన బొమ్మను తీసేశాను. ఊపిరిని ఉన్నది ఉన్నట్టే ఉంచి, ఆ షాటు పక్కన కొడుకు ముఖం పెట్టాను. తల్లి ఊపిరి పీలుస్తున్నట్టు కొడుక్కొక్కడికే కనపడుతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు పాడె కడుతూనే ఉంటారు. ఆ ఈలను కూడా ఉంచాను. రెండోసారి చూపించినప్పుడు ఎవరూ నవ్వలేదు. ముందు నవ్వినవాడే, తర్వాతి ఊపిరి వస్తుందా రాదా అని తనూ బిగబట్టుకుని చూశానన్నాడు. అవ్వ సంగతి అతనికి తెలియదు. నేను చెప్పలేదు.

నన్నయితే ఆ సినిమా ఇంతవరకూ వదల్లేదు. ఎవరు నిద్రపోతున్నా నా కళ్ళు ముందు వాళ్ళ ఛాతీ మీదికే పోతాయి. బాపు ఇప్పుడు డ్యూటీ మానేశాడు, మధ్యాహ్నం అన్నం తిని ముందు గదిలో నడుం వాలుస్తాడు. అటు పోతూ గుమ్మంలో ఆగిపోతాను. బనీను లేచిందా? దిగిందా? దిగి, మళ్ళీ లేవడానికి ఒక్కోసారి ఎంత ఆలస్యమవుతుందో.

ఆయన కళ్ళు తెరవడు. మూసుకునే అంటాడు.

"ఊపిరి తీస్కుంటున్న బిడ్డా. పో."