మూత బిగించిన జీవామృతం

హిందూపురం నుంచి పెనుకొండకు పోయే బస్సును పట్టపగలు ఒక్క డబ్బాతో ఖాళీ చేయించిన ఘనత ఆ చుట్టుపక్కల నాకు తప్ప ఇంకెవరికీ లేదు. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఆ వయసులో తోటి పిల్లలు అద్దం ముందు నిలబడి జడలు దిద్దుకుంటుంటే, బెల్లం అంగట్లో గల్లాపెట్టె పక్కన పెరిగిన నేను కనిపించిన ప్రతిదానికీ ధర కడుతూ తిరిగేదాన్ని. బళ్లో కంప్యూటర్లు, వ్యవసాయం రెండూ పెట్టి ఏదో ఒకటి తీసుకోమన్నారు. కంప్యూటర్ల వరుస మెట్లు దిగి గేటు దాకా ఉంది. వ్యవసాయానికి పదకొండు మంది. జనం తక్కువున్న చోట మార్కులు చవగ్గా వస్తాయి, పైగా బడి ఆవరణంతా సిమెంటే కాబట్టి పార పట్టే పని ఉండదు అని లెక్కగట్టి చేరిపోయాను. (ఇంత ముందుచూపుతో గుంతలో దిగినవాళ్లు తక్కువ.)

నా లెక్క మొదట్లో తప్పలేదు. మా వ్యవసాయం సారు మంచి మనిషే కానీ పైర్లను తెరమీద తప్ప చూపించలేదు. రెండో అంతస్తులో కిటికీలు మూసి, నాలుగు ఫ్యాన్లు వేసి, కరెంటు ఎట్లా పొదుపు చేయాలో రాయించేవాడు. 'సుస్థిర వ్యవసాయం' అన్న మాట ఎన్ని పేజీల్లో రాశానో గుర్తులేదు, వంగ మొక్కకు చెంబెడు నీళ్లు మాత్రం పోయలేదు. నా పక్కన కూర్చునేది రాగిముద్ద. సోమందేపల్లి రైతు కూతురు, రోజూ క్యారియర్లో అదే తెచ్చేది కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. (నా తెలివికి అదొక మచ్చుతునక.) "ఇదంతా మా నాయన రాసుకోకుండానే చేస్తాండాడు మే" అని నవ్వేది.

ఏడాది చివర్లో పెనుకొండలో పర్యావరణ ప్రదర్శన అన్నారు. మా ఇద్దరికీ జీవామృతం పడింది. ఆవు పేడ, గోమూత్రం, శనగపిండి, బెల్లం, గుప్పెడు పొలం మట్టి నీళ్లలో కలిపి పులియబెట్టే ఎరువు. ప్రాక్టికల్ మార్కులు ఇరవై దాని మీదే. పేడా మూత్రం రాగిముద్ద తెచ్చింది, బెల్లం నా వంతు. సారు పావుకిలో చాలన్నాడు. బెల్లం వ్యాపారి కూతురు పావుకిలో పొట్లంతో వస్తే అంగడి పరువేం కావాలి? రెండు కిలోలు వేశాను.

ప్రయాణం నాటి పొద్దున జీవామృతం కలిపిన డబ్బా మా అంగట్లోనే ఉంది. రాగిముద్ద దాని మూతిని పల్చటి గుడ్డతో కట్టి, "మూత బిగించొద్దు మే, దానికి గాలాడల్ల" అని చెప్పి సీటు పట్టడానికి బస్టాండుకు పోయింది. మా అంగట్లో ఉన్న చట్టం ఒకటే: మూత వదులైతే తరుగు. సరుకు ఆరినా కారినా తూకం పోయేది మనకే. ఆ చట్టం నా రక్తంలో ఉంది. గుడ్డ పీకేసి, మూత తిప్పి బిగించి, నాలుగు చుట్లు టేపు వేశాను. నాయన చూసి మురిసిపోయాడు. "సుక్క కారదు పో" అన్నాడు.

బస్సులో డబ్బా నా కాళ్ల మధ్య. వెనక సీట్లో రాగిముద్ద, సారు. నా పక్కన ఒడిలో మూటతో ధర్మవరం అక్క ఒకామె, ఇంటింటికీ తిరిగి పట్టుచీరలమ్ముతుంది. కొనే ఉద్దేశం రవ్వంత లేకపోయినా నా నోరు ఊరుకోదు కదా.

"ఎంతక్కా?"

"ఏడు వేలు పాపా. మా ఆయప్ప పన్నెండు దినాలు మగ్గం గుంతలో కూసోని నేసినాడు."

"ఏడా? ఈ జరీకి నాలుగు ఎక్కువ."

ఆమెకు పౌరుషం వచ్చింది. "జరీ సూసే మాట్లాడుతాండావా? ఇదిగో సూడు" అని చీర పూర్తిగా విప్పి కొంగు నా ఒళ్లో పరిచింది. అంతలో సోమందేపల్లి దాటి బస్సు స్పీడ్ బ్రేకరెక్కి దూకింది. డబ్బా పేలింది.

"టైరు పేలినట్టుండాది, ఆపప్పా!" అని కండక్టరు అరిచాడు. రెండు క్షణాల తర్వాత వాసన అందుకుని, టైరు కాదని అతనికీ తెలిసింది. బస్సు మొత్తం రోడ్డు మీదికి దిగింది. "సెప్తి గదా మే, గాలాడల్లని" అని రాగిముద్ద మాత్రం నెమ్మదిగా అంది.

ధర్మవరం అక్క అరవలేదు. తడిసిన చీరను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. "దీని దుడ్లొస్తేనే మళ్లా పట్టు కొని మగ్గమెక్కేది. ఇంగ దీన్నెవురు కొంటారు?"

అప్పుడైనా నేను క్షమించమని అనాల్సింది. నేనన్నది ఇది: "మరక కొంగు మడతల్లోకి పోతాదక్కా, కనపడదు. నాలుగు వేలకియ్యి, మా నాయనతో ఇప్పిస్తా."

"ఏం పాపా, మరక పోసింది నువ్వు, ఆ మరక సూపిచ్చి ధర తగ్గిచ్చేదీ నువ్వేనా?"

ముక్కులు మూసుకున్న జనం కూడా నవ్వారు. నేను తగ్గలేదు. అయిదన్నాను, అయిదున్నరన్నాను. ఇంతలో డ్రైవరు హారన్ కొట్టాడు. "బస్సు పోతాది, ఆరు వేలియ్యి, కానీయ్" అంది ఆమె. సారు ఫోన్ చేస్తే నాయన అప్పటికప్పుడు ఆమె ఫోనుకే డబ్బు పంపాడు. వెయ్యి తగ్గించిన గర్వంతో, నడుము దాకా పేడనీళ్లతో, పెనుకొండలో దిగాను.

అక్కడ 'ప్లాస్టిక్ వద్దు' అని పెద్ద ప్లాస్టిక్ ఫ్లెక్సీ, కింద ప్లాస్టిక్ గ్లాసుల్లో మజ్జిగ. బహుమతులివ్వడానికి ఆలస్యంగా వచ్చిన పెద్దమనిషి మా డబ్బా అడుగున మిగిలింది చూసి ఏమిటన్నాడు. "ఇది పులిస్తే గాలి పుడుతుంది సార్. మూత బిగిస్తే పేలుతాది. పొద్దున్నే సూసినాం" అని రాగిముద్ద చెప్పింది. ప్రయోగాత్మకంగా నేర్చుకున్నారని మెచ్చుకుని రెండో బహుమతి ఇచ్చాడు. ప్లాస్టిక్ బకెట్టు.

ఆ చీర ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ముసురు పట్టిన రోజు తలుపు తెరిస్తే మా ఆయన చచ్చిన ఎలుక కోసం వెతుకుతాడు. నేను పక్కకు తిరిగి నవ్వుకుంటాను. ఇక లెక్క. ఖర్చు: బెల్లం రెండు కిలోలు, డబ్బా ఒకటి, బస్సు కడిగినతనికి రెండు వందలు, చీరకు ఆరు వేలు. రాబడి: ఇరవైకి పద్దెనిమిది, అవీ రాగిముద్ద నోటి చలవ. బకెట్టు ఆమే తీసుకుపోయింది, న్యాయమే. తగ్గించిన వెయ్యిని చాలా ఏళ్లు లాభం కింద రాసుకున్నాను. మొన్న ఊరికే భాగించి చూశాను: పన్నెండు దినాల పనికి ఏడు వేలైతే, వెయ్యంటే రెండు దినాలకు కాస్త తక్కువ. అంతసేపు ఒక మనిషి గుంతలో కూర్చుని నా మరకకు ఊరికే పనిచేశాడన్నమాట. లాభం కొట్టేశాను. చీర ఖరీదు ఏడు వేలు. నేను కట్టింది ఆరు.