వెలుగు దొంగకో కారణం

కోరుట్లలో మా వాడ ఆడవాళ్లు మధ్యాహ్నం వంటపని ముగించి, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడతాం. చేతులు పనిలో ఉంటాయి, చెవులు ఖాళీ. ఆ చెవులను ఇన్నేళ్లూ ఏలింది తాజున్నీసా. ఆమె కథల్లో ఆకాశంలో తిరిగే ఓడలుంటాయి, సూర్యుళ్లను సంచిలో వేసుకుపోయే జల్లాదు అనే దుష్టుడు ఉంటాడు. వాడికి జాలి లేదు, తల్లి లేదు, ఇల్లు లేదు. వాడికి దెబ్బ పడినప్పుడల్లా మా చేతులు జోరందుకునేవి.

"దుష్టుడు దుష్టుడే. వాని బాధలు మనకెందుకు? ఆలోచనల పడితే చేతులు ఆగుతయి" అనేది. కాదనే దమ్ము మాలో ఎవరికీ లేదు.

అప్పుడు తాజున్నీసా ఎదురింటికి సిరిసిల్ల నుంచి సుమలత కోడలుగా వచ్చింది. ఒకనాడు తాజున్నీసా అరుగు మీదే ఆమె కూడా ఒక కథ ఎత్తుకుంది. దానిలోనూ ఆకాశ ఓడలే. కానీ అందులో దుష్టుడు లోకంలోని చప్పుళ్లన్నీ దొంగిలిస్తాడు. వాడు పగలూ రాత్రీ ఆగని మరమగ్గాల మోతలో పెరిగాడు, తల్లి జోలపాట ఒక్కసారీ చెవిన పడలేదు. అది విని ముసలి కిష్టవ్వ చేతిలో ఆకు అట్లాగే పట్టుకుని "పాపం" అంది.

ఆ ఒక్క మాట తాజున్నీసాకు మింగుడుపడలేదు. లోకాన్ని మూగ చేసినవాడు పాపమట! మరునాటి నుంచి చాటలు ఒక్కొక్కటే ఎదురు అరుగుకు తరలాయి. చివరికి సొంత బిడ్డ బుష్రా కూడా పోయింది. కొత్తొక వింత, పాతొక రోత అని తాజున్నీసా సరిపెట్టుకోబోయింది గానీ మనసొప్పలేదు. అక్కడ బీడీలు వదులుగా చుడుతున్నారనీ, కార్ఖానాలో తిరగ్గొడతారనీ వాడంతా చాటింది. నిజంగానే తిరగ్గొట్టారు. అయినా ఎవరూ వెనక్కి రాలేదు. నాకు నవ్వొచ్చింది. నేనూ అటు పోయినదాన్నే అనుకోండి.

ఒకరోజు ఆమే చాట పట్టుకుని సుమలత అరుగెక్కింది. ఆ కొత్త కథ పరువు తీయడానికే వచ్చిందని ముఖం చూస్తేనే తెలిసింది. సుమలత లేచి చోటిచ్చి, ఇవాళ కథ నువ్వే చెప్పమని అడిగింది. తాజున్నీసా గెలిచినట్టే కూర్చుని జల్లాదును కథలోకి దింపింది. వాడు సూర్యుణ్ణి సంచిలో వేశాడో లేదో, కిష్టవ్వ అడ్డుపడింది.

"ఎందుకు ఎత్తుకపోయిండే వాడు?"

ఇన్నేళ్లలో ఎవరూ అడగని మాట. తాజున్నీసా కోపంగా ఆకు కత్తిరిస్తూనే జవాబు చెప్పింది.

"ఎందుకంటే, అందరు వాని వెలుగుల కూసుండేటోళ్లు. ఎక్కడినుంచో ఒక కొత్త చుక్క అచ్చింది. అందరు లేసి గటు పోయిన్రు. వాని సొంత బిడ్డ గూడ పోయింది."

ఎవరూ పాపం అనలేదు. బుష్రా తల వంచుకుంది. సుమలత మాత్రం మెల్లగా అడిగింది.

"మరి గా చుక్క ఏం జెయ్యాలె, చాచీ?"

"ఆరిపోవాలె" అంది తాజున్నీసా. అన్నాక ఎవరి ముఖమూ చూడలేకపోయింది.